గోడకెక్కాల్సిన చెయ్యి

"ఇది మా అమ్మ కాదు," అంది బతూల్, ఫోటోని కౌంటరు మీద పెట్టి.

స్టూడియో యజమాని మఫద్దల్‌కి ఒళ్ళు మండింది. ఇదే ఫోటో గురించి ఆవిడ పేచీకి రావడం ఇది రెండోసారి. పైగా ఎడమచేత్తో పెట్టింది. మొదటిసారీ అంతే, ఎడమచేత్తో ఇచ్చింది, ఎడమచేత్తోనే పుచ్చుకుంది. కుడిచెయ్యి జెల్లాబా పొడుగంగీ జేబులోంచి బయటికి రాదు. అరవై దాటిన మనిషికి ఆమాత్రం మర్యాద తెలియదా అని అతని బాధ.

పాస్‌పోర్టు ఫోటోల కోసం బెంచీ మీద కూర్చున్న లావుపాటి ఆవిడ మెడ సాచి చూసింది. ఫోటోలో నెలల పాప, పాపని పట్టుకున్న ఒక చెయ్యి తప్ప ఇంకేమీ లేవు. ఇందులో అమ్మెక్కడుందని అడగనే అడిగింది.

అదే కదా గొడవ. ఆ పాప బతూలే. వాళ్ళమ్మ షామా జన్మలో కెమెరాకి మొహం చూపించలేదు. మా తెత్వాన్ ఊళ్ళో అప్పటి ఆడవాళ్ళకి ఆ పట్టింపు ఉండేది. పాప ఒరిగిపోతుంటే వెనకాల తెల్లదుప్పటి కప్పుకుని కూర్చుని, ఒక్క చెయ్యి బయటపెట్టి పొట్ట దగ్గర పట్టుకుంది. షామా పోయాక మిగిలిన బొమ్మ ఆ చెయ్యి ఒక్కటే. పెద్దది చేసి ఇవ్వవయ్యా అంటే, మఫద్దల్ మొదటిసారి ఆ చెయ్యిని శుభ్రంగా తుడిచేసి, పాపని గులాబీరంగు దిండుకి ఆనించాడు. అందరూ అలాగే కావాలంటారట. వీడి తెలివి తెల్లారినట్టే ఉంది.

బతూల్ పోట్లాడి వెళ్ళాక మళ్ళీ చేశాడు. ఈసారి చెయ్యి వచ్చింది. కానీ గోరింటాకు పొట్లం మీద బొమ్మలా నున్నగా, ముచ్చటగా ఉంది.

"చెయ్యి కావాలన్నారు, పెట్టాను. ఇంకేం కావాలి లల్లా?" అన్నాడు, అమ్మగారూ అన్నంత మర్యాదగానే.

"మా అమ్మ చెయ్యి కావాలి."

అతను పక్క కేఫ్ నుంచి పుదీనా టీ తెప్పించాడు. టీ పడితే మనిషి మెత్తబడుతుందని అతని ఆశ. బతూల్ గ్లాసుని కూడా ఎడమచేత్తోనే అందుకుంది. ఇక ఉండబట్టలేక, కుడిచేత్తో తాగితే మీ సొమ్మేం పోదు లల్లా అని అనేశాడు. బెంచీ మీదావిడ కిసుక్కున నవ్వింది. బతూల్ మొహం కందిపోయింది కానీ, చెయ్యి మాత్రం జేబులోనే ఉండిపోయింది.

తనకేం కావాలో మాత్రం మరోసారి విడమరిచి చెప్పింది. రేపు కూతురి బిడ్డకి ఏడోరోజు, పేరు పెడతారు. పొట్టేలుని తెచ్చి డాబా మీద కట్టేశారు. పిల్లకి షామా అనే పేరే ఖాయం చేశారు. వియ్యాలవారు గడప తొక్కేలోగా ఈ ఫోటో గోడకెక్కాలి. వియ్యపురాలు కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా ఉండాలి.

వారం ఆగితే తీరిగ్గా చేస్తానన్నాడు మఫద్దల్. ఇదే పట్టుకెళ్ళండి, ఫ్రేము ఊరికే ఇస్తానన్నాడు. ఎవరూ అంత పట్టి చూడరన్నాడు.

"చూడాలనే కదా పెడుతున్నాను," అని బతూల్ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. "నేను కదలను. నీకు పొద్దుపోతే నన్ను లోపల పెట్టి షట్టరు దించుకో."

ఈవిడ వదిలే రకం కాదని అతనికి అర్థమైంది. విసుక్కుంటూ పాత ఫోటోని కంప్యూటరులో తెరిచి, చెయ్యి ఉన్నచోట పెద్దది చేసి చూశాడు. చూసి, హమ్మయ్య అన్నట్టు నవ్వాడు. బతూల్ లేచి కౌంటరు దగ్గరికి వచ్చింది.

"ఇదా మీ గోల. పాత ఫోటోలోనే తప్పుంది లల్లా. చెయ్యి కదిలినట్టుంది, బొటనవేలు రెండుసార్లు పడింది. రెండోదాన్ని నేనే తీసేశాను. అసలు నన్ను దీవించి పోవాలి మీరు."

"పడలేదు. ఉంది."

బెంచీ మీదావిడ లేచొచ్చి తెరలోకి తొంగిచూసి, వేళ్ళు లెక్కపెట్టి, బుగ్గలు నొక్కుకుంది. మఫద్దల్ గొంతు తగ్గించాడు. నిజంగా ఉన్నా సరే, నలుగురూ వచ్చే ఇంట్లో అలాంటి చెయ్యి గోడకి పెట్టుకుంటారా అన్నాడు. పెద్దావిడ చెయ్యి, పోయినావిడ చెయ్యి, అందంగా ఉంటే తప్పేమిటన్నాడు. పైగా రేపు శుభకార్యం కదా అని గుర్తుచేశాడు.

"అలాంటివి దాచుకోవాలి లల్లా. మీ మంచికే చెబుతున్నా."

బతూల్ టీ గ్లాసు పక్కన పెట్టింది. జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసి, ఫోటో పక్కన కౌంటరు మీద పరిచింది. బొటనవేలిని ఆనుకుని ఇంకో చిన్న బొటనవేలు ఉంది. ఆ బజారులో అంతవరకూ ఆ చెయ్యి చూసినవాళ్ళు లేరు.

బెంచీ మీదావిడ బుగ్గల మీంచి చేతులు దించేసింది. మఫద్దల్ తెర మీది చెయ్యినీ, కౌంటరు మీది చెయ్యినీ మార్చిమార్చి చూశాడు.

"ఇదిగో, దీన్ని చూసి వెయ్యి," అంది బతూల్. "రేపు పసిదాని కుడిచేతికి మేజోడు తొడిగితేగానీ జనంలోకి తేవద్దంది మా వియ్యపురాలు. నేను తొడగనివ్వను."