మూడు వేల మీద అదురు

“మళ్లీ విప్పాల్సిందే,” అన్నాడు చిన్నస్వామి, బానెట్ కిందనుంచి తల బయటికి తీయకుండానే.

ఆ మాటకు దిలీప్ పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. ఎర్రటి టర్బో కారు అతనిది. దాని ఇంజన్‌ని ఇప్పటికే రెండుసార్లు విప్పి బిగించారు. కుప్పం నుంచి పుంగనూరుకు తిరిగి తిరిగి, దారిలో గుంతలన్నీ అతనికి చుట్టాలైపోయాయి.

మొదట్లో జబ్బు నిజమే. కొండదారి పోటీల కోసం దిలీప్ ఎక్కడో పెద్ద పిస్టన్లు వేయించాడు. అప్పట్నుంచి ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు దాటితే చాలు, స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు మౌంటింగు రబ్బర్లు మార్చారు, టైర్లు మార్చారు, చివరికి చేతులెత్తేశారు. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీది తన షెడ్డులో చిన్నస్వామి మాత్రం పావుగంటలో తేల్చేశాడు. బండి నిలబడి ఉన్నా అదురుతోంది కాబట్టి తప్పు టైర్లది కాదు. క్లచ్చు తొక్కినా అదురుతోంది కాబట్టి గేరుబాక్సుదీ కాదు. బెల్టు తీసేసినా తగ్గలేదు. ఇక మిగిలింది పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్ షాఫ్టే. పిస్టన్ల బరువు మారింది గానీ, దానికి తగ్గట్టు క్రాంకును ఎవరూ తూకం చేయించలేదు. దాన్ని బెంగళూరు పంపి, మెషీను మీద తిప్పించి, బరువెక్కువైన చోట తొలిపించి తెచ్చి బిగించాడు.

దిలీప్ నడిపి చూసి వెన్నలా ఉందని మురిసిపోయాడు. చిన్నస్వామి ఇంజన్ మీద కుడి అరచెయ్యి ఆనించి, ఇంకా ఉందన్నాడు.

నలభై ఏళ్ల మోతకు అతని చెవులు ఎప్పుడో పోయాయి. పెదవులు చూస్తేనో, చెవి దగ్గర గట్టిగా చెప్తేనో తప్ప మాట అందదు. ఇప్పుడు ఆ అరచెయ్యే అతనికి చెవి. స్పానరు పడితే ఈ రోజుకీ అది తడబడదు. అందుకే రెండోసారి ఇంజన్ దించి క్రాంకును మళ్లీ పంపాడు. తూకం సరిగ్గానే ఉందని కాగితంతో సహా తిరిగొచ్చింది. మెషీను అబద్ధం చెప్పకపోవచ్చు గానీ దాన్ని తిప్పేవాడు నిజం చెప్తాడని అతను నమ్మలేదు. ఈ మధ్య ఎవరి పనిలోనూ శ్రద్ధ లేదనేది అతని బాధ. కొత్త బస్సెక్కి కిటికీ మీద చెయ్యి ఆనించినా అదురే తగులుతోంది.

కూతురు యమున డిప్లొమా చదివి ఐదేళ్లుగా అతనితోనే పనిచేస్తోంది. నడుస్తున్న ఇంజన్ మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి, చుక్క తొణకలేదని చూపించింది. ఫోన్లో అదురు కొలిచే గీతలూ చూపించింది. నీళ్లకేం తెలుసు, ఫోన్లకేం తెలుసు అని అతను కొట్టిపారేశాడు. రెండ్రోజులుగా ఆ పిల్ల సరిగ్గా మాట్లాడటం లేదు. అతను పనిలో ఉన్నంతసేపూ అతని చేతివంకే చూస్తోంది. తన మాట తీసిపారేసినందుకు అలిగిందనుకున్నాడు.

“నాకు బాగుండాది అన్నా,” అన్నాడు దిలీప్ నీరసంగా. “ఇట్లే తోలుకుంటా. ఆదివారం పోటీ ఉండాది.”

“నీకు బాగుండాదప్పా. కొండమీద ఆరు వేల మీద క్రాంకు ఇరిగితే, నీ పెండ్లానికి ఎవురు చెప్పాల? నేనా?”

నిజానికి అందరికంటే ఎక్కువ అలసిపోయింది చిన్నస్వామే. నడుము పట్టేసింది, మోకాళ్లు వంగనంటున్నాయి. బాగుందని ఒక్క మాట అనేస్తే బండి వెళ్లిపోతుంది, తనకు నిద్ర పడుతుంది. కానీ ఆ మనిషికి ఏమైనా అయితే మళ్లీ ఏ ఇంజన్ మీద చెయ్యి పెట్టగలడు? ఆ భయమే అతన్ని వదలడం లేదు.

“ఇంగొక్కసారి సూడు నాయనా,” అంది యమున. “సూసినాక నువ్వెట్ల చెప్తే అట్లనే.”

“సూస్తా. ఈ చెయ్యి చెప్పింది తప్పయితే, రేపట్నుంచి నేను ఇంజన్ ముట్టను. షెడ్డు నువ్వే సూసుకో.”

యమున వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. లేచి ఉన్న బానెట్ ఆమెను పూర్తిగా కప్పేసింది. ఆ షెడ్డులో అతనితో పనంతా సైగలతోనే. పిడికిలి ఎత్తితే స్టార్ట్ చేయాలి, మూడు వేళ్లు చూపిస్తే మూడు వేలకు రేజ్ చేయాలి. చిన్నస్వామి కుడి అరచెయ్యి ఇంజన్ మీద ఆనించాడు. దిలీప్ నడిపి తెచ్చిన వేడి ఇంకా దానిలో ఉంది. కళ్లు మూసుకుని ఎడమ పిడికిలి ఎత్తాడు. కాసేపాగి మూడు వేళ్లు పక్కకు చాచి చూపించాడు.

వచ్చింది. అరచేతి కింద సన్నగా, ఆగకుండా, నిన్న ఎలా ఉందో అలాగే.

“ఇదో, ఇదే నేను చెప్తాండేది,” అన్నాడు దిలీప్‌తో. “సక్కంగా మూడు వేల మీద ఉండాది.”

తన మాటే నెగ్గిందని సంతోషం కలగలేదు. ఆ ఇంజన్‌ని మళ్లీ దించాలంటే ఏడుపొచ్చింది. అయినా చెయ్యి అబద్ధం చెప్పలేదు, అంతే చాలు. కళ్లు తెరిచి చూస్తే దిలీప్ టైరు మీదనుంచి లేచి, తల దించుకుని నిలబడి ఉన్నాడు.

ఎదురుగా యమున ఉంది. రేజ్ వదిలేసి ఎందుకు దిగావని చిన్నస్వామి కసిరాడు. ఆమె ఇంజన్ మీది అతని చేతిని మెల్లగా తీసి, తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వంగి, అతని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

“నేనింకా బండి స్టార్టే చెయ్యలేదు నాయనా.”