దీక్షలో చోటు

“నీ కొడుకు దీక్షల కూసునుడు కుదరదు చెల్లె,” అని రాజనర్సు శిబిరం ముందే తేల్చి చెప్పేశాడు.

కొండవ్వకు ఒళ్లు మండిపోయింది. సిద్దిపేటలో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు సాగుతున్నాయి. రోజుకో సంఘం కూర్చుంటోంది. ఇవాళ నేతవాళ్ల వంతు. ఎవరు కూర్చోవాలో చెప్పేది సంఘం పెద్ద రాజనర్సే. అందుకే ఆమె కొడుకు బాలరాజుకు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి మరీ వెంటబెట్టుకొచ్చింది.

ఆమె మురిపెం ఊరికే వచ్చింది కాదు. ఎవరో చెవిలో తిడుతున్నారంటూ మగ్గం గుంటలో దాక్కున్న పిల్లవాడు ఇప్పుడు అదే మగ్గం మీద చీరలు నేస్తున్నాడు. స్కిజోఫ్రేనియా రిమిషన్‌లో ఉందని పట్నం డాక్టరు చెప్పాడు. ఆ మాటకు పూర్తిగా నయమైందని అర్థం చెప్పుకొని కొండవ్వ వాడకట్టంతా చాటింది. వాడు దీక్షలో కూర్చుంటే పిచ్చోడన్న నోళ్లన్నీ మూతపడాలని ఆమె పట్టుదల.

“డాక్టరే మంచిగైందన్నడు. నడుమ నీకేం నొప్పి?”

“ఇయ్యాల గోలీ మింగిండా?”

“గోలీ మింగితె దీక్ష చెడదా? ఒక్కనాటికి ఏమైతది?”

బాలరాజు తలవంచుకున్నాడు. రాజనర్సు ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

“రిమిషనంటె జబ్బు అణిగినట్టు, పోయినట్టు కాదు. చెవులల్ల మాటలు ఆగినయ్. పని చేసుకుంటుండు, నలుగుర్ల కలుస్తుండు. గదేం చిన్న గెలుపు కాదు చెల్లె. గోలీ బందువెడితె మళ్ల మొదటికొస్తది. తిండి, నిద్ర తప్పొద్దు.”

కొండవ్వ వింటేగా! నలుగురిలో తన కొడుకు పరువు తీశాడని దుమ్మెత్తిపోసింది. అందరినీ దీక్షలో కూర్చోబెట్టే పెద్దమనిషి తానొక్కనాడైనా పస్తున్నాడా అని నిలదీసింది. రాజనర్సు హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించి, బాలరాజు తిని గోలీ వేసుకునేదాకా పక్కనే కూర్చున్నాడు.

సాయంత్రమైంది. నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసే గౌరవం రోజూ ఊరి పెద్దలది. ఇవాళ రాజనర్సు మైకులో బాలరాజు పేరు పిలిచాడు. వాడు వరసగా అందరికీ గ్లాసులు అందించాడు. తాగినవాళ్లు లేచి వాడి భుజం తట్టారు. జై తెలంగాణ అంటూ శిబిరం దద్దరిల్లింది. కొండవ్వ ఛాతీ ఉప్పొంగిపోయింది. వాడు నా కొడుకే, నా కొడుకే అని కనబడినవాళ్లందరికీ చెప్పుకొంది.

పొద్దుటి మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. జనంలోంచి దారి చేసుకుంటూ రాజనర్సు దగ్గరకు వెళ్లింది.

“తప్పైందన్నా, మన్నించు. ఈ బీమారి సంగతి గింత మంచిగ నీకెట్ల ఎరుక?”

చుట్టూ అంతమంది ఉన్నా ఈసారి రాజనర్సు గొంతు తగ్గించలేదు.

“నేను సుత గదే గోలీ మింగుతున్న చెల్లె.”