ముత్యాల్లాంటి పళ్ళు

"పెట్టుడు పళ్ళేమైనా ఉన్నాయా?"

ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న సన్నపాటి మనిషి మంచం దగ్గరికొచ్చి అడిగింది.

మంచం మీద తమ్ముడు. పక్కనే అక్క. తమ్ముడికి నలభై దాటినా, అక్క ఉండగా తన గురించి తను చెప్పుకునే భాగ్యం ఇంతవరకూ కలగలేదు.

"వాడికెందుకుంటాయమ్మా? ముత్యాల్లాంటి పళ్ళు!" అంది అక్క.

"ఆయన్ని చెప్పనివ్వండి."

"అమ్మ పోయిన దగ్గర్నుంచీ పెంచింది నేను. వాడి సంగతి నాకు తెలీదా? అయినా ఆపరేషన్ కడుపుకైతే పళ్ళు చూస్తావేంటి? ఎద్దుని కొనడానికొచ్చావా?"

పక్క మంచం వాళ్ళు కిసుక్కున నవ్వారు. తమ్ముడు మాత్రం పెదవులు బిగించి గోడకేసి చూశాడు.

ఆ చూపు టోపీ మనిషి కంట పడింది.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

"నేనా? బయటా?"

"మీరే. ఆయనతో విడిగా మాట్లాడందే లోపలికి తీసుకెళ్ళను."

అక్కకి ఒళ్ళు మండింది. "ఈ నర్సమ్మ పెత్తనమేంటో!" అని సణుక్కుంటూ వెళ్ళి వరండాలో కూలబడింది.

కాసేపటికి తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. అంతే, అక్క కోపమంతా నీరుగారిపోయింది. ఉన్నది ఒక్కగానొక్క తమ్ముడు. వాడికేమైనా అయితే తనకింకెవరున్నారు? తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసింది, తెలియని వాళ్ళకి కూడా.

ఎంతసేపటికో సర్జన్ బయటికొచ్చాడు.

"అంతా బాగా జరిగిందమ్మా. భయం లేదు."

"నువ్వు చల్లగా ఉండాలి బాబూ!"

కళ్ళు తుడుచుకుంటూ అక్క తమ్ముణ్ణి పడుకోబెట్టిన గదిలోకి పరుగెత్తింది.

తమ్ముడు మగతగా నవ్వాడు. "అక్కా, తిట్టనంటే ఒకటి చెప్తా."

"చెప్పరా."

"నా ముందు పళ్ళు పెట్టుడువే. బండి మీంచి పడ్డప్పుడు ఊడాయి. నువ్వు తిడతావని దాచా."

అక్క వంగి వాడి నోట్లోకి తొంగి చూసింది.

"నువ్వు బయటికెళ్ళాక ఆవిడ దగ్గర ఒప్పుకున్నా. మత్తులో ఉండగా అవి గొంతులోకి జారితే ప్రాణం మీదికొచ్చేదట. నువ్వు చూడకుండా తీసి దాచి, మెలకువ రాగానే తనే ఇచ్చింది."

అక్క లేచి నిలబడింది. పళ్ళ సంగతి తర్వాత తీరిగ్గా తిట్టొచ్చు. ముందు ఆ టోపీ మనిషి చేతులు పట్టుకోవాలి.

గబగబా సర్జన్ దగ్గరికెళ్ళింది.

"బాబూ, ఆ టోపీ నర్సమ్మ ఎక్కడుంది? పొద్దున నోటికొచ్చినట్టు మాట్లాడేశాను."

"ఆవిడ నర్సు కాదమ్మా, మత్తు డాక్టరు. అప్పుడే ఇంకో పేషెంటుతో లోపలికెళ్ళిపోయారు."

"అంటే మత్తు సూది వేసేది ఆవిడేనా?"

"సూది వేసి వెళ్ళిపోతారనుకున్నారా?" సర్జన్ నవ్వాడు. "నేను కోస్తున్నంతసేపూ ఆ మత్తుకి మీ తమ్ముడు తనంతట తాను ఒక్కసారి కూడా ఊపిరి పీల్చలేదమ్మా, తల దగ్గర కూర్చుని ప్రతి ఊపిరీ అందించింది ఆవిడే."