ఏలూరులో అడిగిన దారి

నగరాలకు ర్యాంకులిచ్చే సంస్థలో సువర్చల ఉద్యోగం. ఆ కాలంలో అందరి చెవుల్లోనూ దారి చెప్పే యంత్రం ఉండేది. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. ఆమె పని మీద ఇస్తాంబుల్ వెళ్లి వచ్చినప్పుడు అత్తగారు, "ఊరెలా ఉందమ్మా?" అన్నారు. "బాగుందత్తయ్యా" అన్నదే గాని, ఒక్క వీధి కూడా ఆమెకు గుర్తు రాలేదు.

తరువాతి వారం అదే పని మీద వెళ్లిన ఏలూరులో ఆమె యంత్రం మూగబోయింది. భయమేసింది. కాలువ పక్కన తివాచీ దులుపుతున్న ఖైరున్నీసా అనే పెద్దావిడను స్టేషనుకు దారి అడిగింది.

"నన్నెవరైనా దారడిగి పాతికేళ్లయిందమ్మా. నోటితో చెబితే తప్పిపోతావు. పద, నేనే వస్తా."

ఆవిడ సందులన్నీ తిప్పింది. తన పెళ్లిబండి ఆగిపోయిన వంతెన చూపించింది. కుక్క కరిచిన మలుపు దగ్గర ఆగి మరీ చెప్పింది. రైలు కాస్తా వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక సువర్చల ఆ దారంతా కాగితం మీద గీసి అత్తగారికి చూపించింది. ర్యాంకుల పత్రంలో మేడలకూ విమానాశ్రయాలకూ గడులున్నాయి గాని, ఇలాంటి నడకకు గడి లేదు. అత్తగారు మాత్రం బొమ్మ మీద ఒక సందు దగ్గర వేలు పెట్టారు.

"ఇటు వెళ్తే ఏముంటుందే?"

"తెలీదత్తయ్యా, అటు వెళ్లలేదు. మీరూ రండి, అడుగుదాం."