కథ సగంలో లేచే మనిషి

కథ సగంలో ఉండగానే మఫ్లరాయన లేచి వెళ్లిపోయాడు.

"సూసినవా శేషాద్రీ, మల్ల లేసిండు!" లక్ష్మీనర్సయ్య మొహం మాడిపోయింది.

"పోనీలేప్పా. నీ కోతలు అరిగించుకునే శక్తి అందరికీ ఉంటాదా?" అన్నాడు పక్కనే కూర్చున్న శేషాద్రి.

లక్ష్మీనర్సయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. చేతులు ఖాళీ అయ్యాక పని నోరు అందుకుంది. పొద్దున్నే యూనివర్సిటీ రోడ్ల మీద నడిచేవాళ్లు నడక కాగానే ఆయన బెంచీ చుట్టూ చేరతారు. ఆయన కథలకు చెట్టు మీది కాకులు కూడా ఊకొడతాయని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది కూడా ఆయనే.

మఫ్లరాయన తార్నాక వైపు నుంచి వస్తాడు. ఎండలు మండే మే నెలలోనూ మొహం చుట్టూ మఫ్లరే. బెంచీ చివర కూర్చుంటాడు. పలకరిస్తే తలూపుతాడు, అంతే. తోటి నడకవాడు గట్టయ్య ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కులోంచి టీ పోసిస్తే, చల్లారేదాకా పట్టుకుని, తాగకుండానే పక్కన పెడతాడు. కథ రసపట్టులో పడి అందరూ ముందుకు వంగేసరికి లేచి పోతాడు.

"పెద్దింటోడు గావచ్చు. మన చాయ్ పనికిరాదు, మన మాట పనికిరాదు," అన్నాడు గట్టయ్య.

"కాదు. గాయనకు నా కథలు గిట్టయి."

ఆ మాట అన్నప్పుడు లక్ష్మీనర్సయ్య నవ్వలేదు. వందమంది నవ్వి ఒక్కడు నవ్వకపోతే, కథ చెప్పేవాడి కంటికి ఆ ఒక్కడే ఆనతాడు.

"రేపు సూడుండ్రి. గాయనను నవ్వియ్యకపోతే నేను లక్ష్మీనర్సయ్యనే కాదు."

మర్నాడు ఎద్దు కథ ఎత్తుకున్నాడు.

"మా తాతకు ఒక ఎద్దుండె. ఒకపారి ఘట్‌కేసర్ల రైలింజను సచ్చి ఊకుంది. రైలు నిండ పెండ్లోళ్లు. లగ్గం టైమయితున్నది. మా తాత ఎద్దును తోల్కొచ్చి ఇంజనుకు కట్టిండు."

"కడితే?"

"కడితే ఏంది! మౌలాలి దాటేసరికి, ‘జర మెల్లగ పోనియ్ తాతా, భయమైతున్నది’ అని డ్రైవరు మొత్తుకున్నడు."

బెంచీ ఊగిపోయింది. మఫ్లరాయన మెల్లగా లేచాడు.

లక్ష్మీనర్సయ్య చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"కూసో సారూ! ఇయ్యాల కథ ఒడిసినంకనే పోయేది. నా మీద ఒట్టు."

మఫ్లరాయన ఆయన మొహంలోకి చూశాడు. కూర్చున్నాడు.

"కాచిగూడ వచ్చింది. టీసీ ఉరికొచ్చి టికెట్ అడిగిండు. ‘అయ్యా, మేం రైలు ఎక్కలే, గుంజుకొచ్చినం’ అన్నడు మా తాత. ‘గట్లయితే ప్లాట్‌ఫారం టికెట్లు సూపియ్. నీదొకటి, ఎద్దుదొకటి’ అన్నడు టీసీ. మా ఎద్దుకు రోషమెక్కువ. ఏం జేసిందనుకున్నరు? ఎనుకకు మర్లి, ఇంజనుకు నెత్తి ఆనిచ్చి, రైలును మల్ల ఘట్‌కేసర్ దాంక నూకుకపోయింది!"

నవ్వులు పేలాయి. మఫ్లర్ లోపలి నుంచీ ఒకటి వచ్చింది. అందరూ విన్నారు.

అంతలోనే ఆయన ముందుకు వంగిపోయాడు. చేతులు చెంప దాకా పోయి, తాకకుండానే ఆగిపోయాయి. భుజాలు వణికిపోతున్నాయి. కళ్ల నుంచి ధారగా నీళ్లు.

మఫ్లర్ జారింది. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప నిండా గడ్డం.

"మంగలి సగంల పారిపోయిండా ఏంది సారూ?" అన్నాడు గట్టయ్య. మళ్లీ నవ్వులు.

"సారుకు నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొచ్చినయ్!" లక్ష్మీనర్సయ్య ఎగిరి చప్పట్లు కొట్టాడు.

అందరూ కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నుంచే ఆయన చెట్టూ చెట్టూ పట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రాలేదు. లక్ష్మీనర్సయ్య కథ మధ్యలో ఆగి తార్నాక రోడ్డు వైపు చూస్తుండేవాడు.

ఒక పొద్దున ఒకావిడ వచ్చింది.

"లక్ష్మీనర్సయ్యన్న ఎవరు?"

"నేనే, చెల్లె."

"నా పేరు భూదేవి. మఫ్లర్ కట్టుకొని మీ తాన కూసుంటుండె గద, ఉమాపతి, గాయన మా ఇంటాయన. పోయిండన్నా. నిన్ననే దినాలయినయి."



"ఏమైంది చెల్లె?"

"మొఖం నరం జబ్బు. లక్షల ఒక్కలకొస్తదట. గాలి తగిలినా, నమిలినా, మాట్లాడినా చెంపల కరెంటు కొట్టినట్టయితది. ముందుగాల పండ్లనొప్పి అనుకొని మంచి పండ్లు సుత పీకిపిచ్చుకున్నడు. ఎండకాలం ఫ్యాన్ ఎయ్యం. చల్లారిన గంజే, చెంచతోని. కత్తి ఆనిస్తే పానం పోతది, అందుకే ఆ చెంపకు గడ్డం గీసుకోడు."

గట్టయ్య తల దించుకున్నాడు.

"అన్నిటికన్న నవ్వంటెనే భయం."

"మరి నా తానకు ఎందుకొచ్చె చెల్లె?"

"నేనూ గదే లొల్లి పెడుదును. ‘ఇంట్ల నొప్పొక్కటే ఉంటది. ఆడ నొప్పితోని లక్ష్మీనర్సయ్య సుత ఉంటడు’ అంటుండె. నవ్వొచ్చే ముంగట లేసొచ్చి, సగం కథ నా చెవుల మెల్లగ చెప్తుండె. తతిమ్మ సగం నేనే అల్లి చెప్పేదాన్ని."

లక్ష్మీనర్సయ్య తన చెయ్యి వైపు చూసుకున్నాడు.

"ఆ దినం నేనే పట్టి కూసోబెట్టిన," అన్నాడు.

"ఎరుకే అన్నా. అప్పుడు లేసిన నొప్పి మల్ల తగ్గలే. గుక్కెడు నీళ్లు దిగలే. పానం అలిసిపోయింది."

"వద్దని తల అడ్డం ఊపినా ఇడిసిపెడుదును గద, చెల్లె!"

భూదేవి ఆయన పక్కన కూర్చుంది.

"నేను గదే అడిగినన్నా. ‘నవ్వితే ఏమైతదో నాకెరుకే భూదేవీ, గని ఈ మొఖం జూసి అందరు దూరం జరిగినంక చెయ్యి వట్టి కూసోమన్న దోస్తు గాయనొక్కడే, ఎట్ల ఇడిపిచ్చుకుంట?’ అన్నడు."