లేవని డీబగ్గర్

ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌లో ఆకుపచ్చ బాణం మీద మళ్లీ నొక్కాడు. తెర అడుగున నారింజ రంగు పట్టీ ఒక్కసారి మెరిసి మాయమైంది. డీబగ్గర్ లేవలేదు.

"దీనికంటే కుంభకర్ణుడు నయం!" అని పళ్లు నూరాడు ప్రోగ్రామర్.

అది పై అంతస్తులో కరెంటు మీటర్ల గది. బల్ల లేదు కాబట్టి బకెట్ బోర్లించి, చేతికందిన రేకుముక్క ఒకటి దాని మీద వేసి, ఆపైన ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. ఆ భవనం లిఫ్ట్ తలుపులు ఉండుండి మొరాయిస్తున్నాయి. లిఫ్ట్‌ను నడిపే ప్రోగ్రామును నడుస్తున్నచోటే ఆపి తప్పెక్కడుందో చూపించేది డీబగ్గరే. సాయంత్రంలోగా బాగు చేయకపోతే వేరేవాళ్లను పిలుచుకుంటానని యజమానురాలు తెగేసి చెప్పింది.

బావమరిది తలుపు సందులోంచి తల పెట్టాడు. వైర్ల పని అతనిది.

"బావా, ఒక్క మాట..."

"డీబగ్గర్ లేచేదాకా నాతో ఎవరూ మాట్లాడకూడదని చెప్పానా లేదా? పో!"

బావగారి నియమం పాతదే. తల వెనక్కి పోయింది.

సెట్టింగుల ఫైలు తెరిచి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎడిటర్ మూసి తెరిచాడు. డీబగ్గర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఏం చేసినా అదే పాట: 'లిఫ్ట్ దొరకడం లేదు.'

"అది కాదు బావా, అసలు సంగతేంటంటే..."

"మళ్లీ వచ్చావా? నోటికి తాళం వెయ్యి!"

యంత్రం పలక్కపోతే ముందు తీగ చూడాలని ఊరందరికీ చెప్పే పాఠం చివరికి తనకూ గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ నుంచి గోడ కన్నం గుండా బయట లిఫ్ట్ కంట్రోల్ పెట్టెకు వెళ్లే తీగను లాగాడు. కొస చేతిలోకి వచ్చేసింది. అవతల ఎవరో పీకేశారు.

"ఒరేయ్!" అని అరిచాడు.

తలుపు తోసుకుని వచ్చింది నెలలు నిండిన భార్య. చేతిలో క్యారియర్. వెనకాల బావమరిది.

"నువ్వా! ఎలా వచ్చావ్?"

"లిఫ్ట్‌లో. ఈ పొట్టేసుకుని మెట్లెక్కమంటారా?"

అతను తెర మీది ఆకుపచ్చ బాణం వైపు చూశాడు. డీబగ్గర్ లేచిందంటే లిఫ్ట్ ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. పొద్దుటినుంచి ఎన్నిసార్లు నొక్కాడో!

"తీగ నేనే పీకాను బావా," అన్నాడు బావమరిది భయంభయంగా. "జనం ఎక్కేస్తున్నారు. కింద పెట్టాల్సిన బోర్డు ఎంత వెతికినా కనపడలేదు. చెబుదామంటే నువ్వు నోరెత్తనివ్వవు."

బావగారు బావమరిది చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఇన్ని తిట్లు తిని కూడా నా ఇంటిదీపం నిలబెట్టావురా. నీ మేలు ఈ జన్మలో మరిచిపోను. అయినా, ఆ బోర్డు దాచిన దద్దమ్మ ఎవడో నాకు దొరకాలి!"

"ముందు తినండి, తర్వాత వెతుక్కుందురు గాని," అంటూ భార్య క్యారియర్ పెట్టడానికి బకెట్ మీది ల్యాప్‌టాప్ తీసింది.

రేకు మీద ఎర్రటి అక్షరాలు: 'మరమ్మతు జరుగుతోంది. లిఫ్ట్ ఎక్కరాదు.'