ఘాటు రాని మూత

"అందరి ముందూ ఆ మూత ఎగిరిపడితే ఏం చేస్తావే?" అంది వీరమ్మ.

అప్పటికింకా స్టవ్ వెలిగించలేదు. మనుషులూ రాలేదు. ఆరాధన ముందుగదిలో బల్ల మీద కొత్త పెనాలు, గిన్నెలు, గాజు మూతలు సర్దుతోంది.

"ఎగిరేది కుక్కర్ మూతమ్మా. ఇది పెనం."

"పెనం మూత మాత్రం మూత కాదా?"

ఆరాధన ఇంకో మూత తుడిచి పెట్టింది. పొద్దుటి నుంచి తల్లికి ఇది ఏడో భయం. గ్యాస్ అయిపోతుందేమో. కరెంటు పోతుందేమో. ఎవరూ రారేమో. అందరూ వస్తే కుర్చీలు చాలవేమో.

దర్శి నుంచి ప్రత్తిపాడు వచ్చి వాళ్ళకు ఇంకా నెల నిండలేదు. ఆరాధన భర్త ఫిలిప్‌కి ఇక్కడ స్పిన్నింగ్ మిల్లులో పని దొరికింది. అతని వెంట భార్య, చంటిపిల్ల. వాళ్ళ వెంట వీరమ్మ. ఊళ్ళో ఎవరి సంగతీ ఇంకా సరిగ్గా తెలియదు.

దర్శిలో రెండేళ్ళు ఆరాధన మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. సాయంత్రానికి చేతులు మండిపోయేవి. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోయేది కాదు. పిల్ల ఏడుస్తుంటే కళ్ళు తుడవడానికి భయం. ముట్టుకుంటే ఇంకా ఏడ్చేది. అందుకే దాచుకున్న కూలి పట్టుకుని ఒంగోలు వెళ్ళి, ఇళ్ళల్లో వండి చూపించి వంటసామాన్లు అమ్మే పనిలో చేరింది. అక్కడి మేడం మూడు రోజులు నేర్పి, ఒక సెట్టున్న పెట్టె చేతిలో పెట్టి పంపింది.

ఇవ్వాళ కనీసం మూడు సెట్లకు పేర్లు రాయించుకోవాలి. లేకపోతే రేపటి నుంచి మళ్ళీ తొడిమలే. వస్తావో రావో సాయంత్రంలోగా చెప్పమని ఇక్కడి కూలీల మేస్త్రి పొద్దున్నే మనిషిని పంపాడు.

ఒంగోలు మేడం చెప్పిన కిటుకులన్నీ ఆరాధనకు నోటికి వచ్చు. పిలిచేటప్పుడు సామాన్ల మాట ఎత్తకూడదు, టీకి రమ్మనాలి. రుచి చూడకముందే ధర చెప్పకూడదు. గదిలో అందరికన్నా పెద్దావిడ చేత మూత తీయించాలి. ఆవిడ బాగుందంటే మిగతావాళ్ళు కాదనలేరు.

టీకని పిలిచి పెనాలు చూపిస్తే తిట్టుకోరా అని వీరమ్మకు ఎనిమిదో భయం పట్టుకుంది.

చెప్పిన టైముకంటే పావుగంట ముందే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఎనిమిదిమందీ వచ్చేశారు. పిలిచినవాళ్ళలో ఒక్కరూ మానలేదు. మిరప కోతల రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం, కునుకు మానుకుని రావడమంటే మాటలు కాదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పెద్ద సంచి.

గుమ్మం దాటి బల్ల మీద సామాన్లు చూడగానే అందరూ ఆగిపోయారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెనక్కి తిరుగుతారేమోనని వీరమ్మకు తొమ్మిదో భయం. ఎవరూ తిరగలేదు. సంచులు కుర్చీల కిందికి నెట్టి కూర్చున్నారు.

ఆరాధన గుప్పెడు ఎండుమిరపకాయలు పెనంలో వేసి, మూత పెట్టి, స్టవ్ వెలిగించింది. మామూలు పెనంలో అయితే ఈపాటికి వీధంతా దగ్గేది. వీరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడింది, పారిపోవడానికి వీలుగా. మిగతా ఆడవాళ్ళలో ఒక్కరూ కొంగు ముక్కు దాకా ఎత్తలేదు. దగ్గూ రాలేదు.

"ఇప్పుడు మంట తగ్గించాలమ్మా" అంది హెలెన్, ఆరాధన చెయ్యి చాపేలోపే. హెలెన్ ఎదురింట్లో బట్టలు కుడుతుంది.

ఆరాధనకు హుషారు వచ్చింది. చుక్క నూనె చాలని చెబితే అందరూ తలలూపారు. ఇనప పీచుతో తోమకూడదని మొదలుపెడితే ఇద్దరు ఆ మాట తామే పూర్తి చేశారు. పాస్టరుగారు చెప్పే వాక్యం కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ వినరు.

వచ్చినవాళ్ళలో పెద్దది పిచ్చమ్మ. మూత తీయమంటే ఆవిడ ముందు స్టవ్ ఆర్పింది. కాసేపు ఆగింది. తర్వాత మూతను అవతలివైపుకు వంచి తీసింది. ఘాటు ఎవరి మొహానా కొట్టలేదు. కాయలు గలగలలాడుతున్నాయి. ఒక్కటీ మాడలేదు.

"నేను చెప్పకుండానే ఎంత బాగా తీశారు పిన్నిగారూ!" అంది ఆరాధన.

పిచ్చమ్మ నేల చూపులు చూసింది.

ఆరాధన అదే పెనంలో పెసరట్లు పోసి పంచింది. తిన్నారు. బాగున్నాయన్నారు. టీ తాగారు. ధర మాత్రం ఎవరూ అడగలేదు.

వీరమ్మ కూతుర్ని వంటింట్లోకి లాగింది.

"ఇక కొనరే. కొనేవాళ్ళయితే ముందు ధర అడిగి, అంతా అని ముక్కున వేలేసుకుంటారు."

"నచ్చినవాళ్ళే ధర అడగరంటమ్మా. మేడం చెప్పింది."

ఆరాధన వెళ్ళి పుస్తకం తెరిచింది. పెన్ను తీసింది.

"ముందు ఎవరి పేరు రాయమంటారు?" అంది నవ్వుతూ.

అడిగాక ఇక నోరు మెదపకూడదు. ఎంతసేపైనా సరే, అవతలివాళ్ళే మాట్లాడాలి. అదీ మేడం మాటే.

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. హెలెన్ చీర అంచును మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. ఇంకొకావిడ ఖాళీ టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది. ఆరాధన నవ్వు అలాగే ఉంది గానీ పెన్ను కాగితం మీద చుక్క తర్వాత చుక్క పెడుతోంది. వీరమ్మ తలుపు చాటున కళ్ళు మూసుకుంది. మూడొద్దు ప్రభువా, ఒక్కటి చాలు, ఒక్క పేరు.

బయట మేస్త్రి మోటార్ సైకిల్ వచ్చి ఆగిన చప్పుడైంది.

చివరికి పిచ్చమ్మే గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్, ఇలాంటి పెట్టె మా ఎనిమిదిమంది మంచాల కిందా అమ్ముడుపోకుండా పడుంది, ఊళ్ళోకి కొత్తగా వచ్చావు గదా, నువ్వైనా కొంటావని సంచుల్లో పెట్టుకొచ్చాం."